గురి తప్పిన రవ్వల లెక్క

బ్యాంకు ఉద్యోగి రాసే శీర్షిక గనుక వడ్డీ రేట్లో, నామినేషన్ సంగతులో ఉంటాయని ఎదురుచూస్తారు. ఈసారి విషయం తుపాకీ తూటా. కంగారు పడకండి, ఇదీ లెక్కల వ్యవహారమే.

టెక్సాస్‌లో ఉంటున్న మా మేనల్లుడు బాతుల వేటకు లైసెన్సు తీసుకున్నాడట. "మామా, అంగట్లో ఉక్కు, బిస్మత్, టంగ్‌స్టన్ అని మూడు రకాల తూటాలు చూపిస్తున్నారు. ధరల్లో పొంతనే లేదు. సీసం తూటా బాతుల మీద వాడకూడదంటున్నారు. ఏది కొనమంటారు?" అని ఫోను చేశాడు. నేను దగ్గరగా చూసిన తుపాకీ మా బ్రాంచి కాపలాదారు భుజాన వేలాడే పన్నెండు బోరు ఒక్కటే. నా సర్వీసులో అది పేలగా వినలేదు. అయినా ధరల తేడా అనేసరికి ఊరుకోలేక పుస్తకాలు తిరగేశాను.

మన దేశంలో ఈ ప్రశ్నే రాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1991లో చేసిన సవరణతో సరదా వేటకిచ్చే లైసెన్సులు పోయాయి. మన చెరువులో దిగిన బాతును కొడితే నేరం. చిత్రమేమంటే, అదే 1991లో అమెరికా నీటిపక్షుల వేటలో సీసాన్ని దేశమంతటా నిషేధించింది.

ఎందుకంటారా? ఒక తూటాలో ఔన్సు సీసం, అంటే 28 గ్రాములు, నాలుగో నంబరు రవ్వలుగా ఉంటే సుమారు 135 రవ్వలు. ఆవగింజ కంటే పెద్దవి, మిరియం కంటే చిన్నవి. బాతుకు తగిలేవి ఏ నాలుగో ఐదో. తక్కినవి నీళ్ళలో పడి అడుగున చేరతాయి. బాతుకు పళ్ళు లేవు కదా, గింజలు నలగడానికి చిన్న చిన్న రాళ్ళు మింగి కందనకాయలో ఉంచుకుంటుంది. రాయి అనుకుని రవ్వను మింగితే కందనకాయ దాన్ని నూరుతుంది, కడుపులోని ఆమ్లం కరిగిస్తుంది, విషం రక్తానికెక్కుతుంది. రెక్కలు వాలిపోయి, చిక్కి శల్యమై చస్తుంది. ఉత్తర అమెరికా నీటిపక్షుల్లో ఏటా నూటికి రెండు మూడు ఇలా పోతున్నాయని 1959లో ఫ్రాంక్ బెల్‌రోజ్ అనే శాస్త్రవేత్త అంచనా వేశాడు. నిషేధం తర్వాత 1997లో సుమారు 14 లక్షల బాతులు ఈ చావు తప్పించుకున్నాయని మరో అంచనా.

వేటగాడు తన పద్దులో రాసుకునేది తగిలిన బాతునే. తగలని రవ్వల ఖర్చు ఎవరి పద్దులోనూ పడదు. సీసం చవకగా కనబడటానికి అసలు కారణం అదీ.

ఇక మావాడికి చెప్పిన సలహా. ఘన సెంటీమీటరు సీసం 11.3 గ్రాములు తూగితే ఉక్కు 7.8 గ్రాములే. తేలిక గనుక త్వరగా వేగం తగ్గుతుంది. అందుకే సీసంలో నాలుగో నంబరు వాడేచోట ఉక్కులో రెండో నంబరు కావాలి. నంబరు తగ్గేకొద్దీ రవ్వ పెద్దది. దూరపు గురికి ఆశపడకూడదు, పడితే బాతు గాయంతో ఎగిరిపోయి ఎక్కడో చస్తుంది. కొత్త తుపాకీకి ఉక్కు చాలు, ధరా అందుబాటే. కాని ఉక్కు గట్టిది. పాతకాలపు పలుచని గొట్టానికి, మూతి బాగా ఇరుకైనదానికి చేటు. అలాంటిదానికి మెత్తని బిస్మత్ మేలు, ఖరీదెక్కువైనా. టంగ్‌స్టన్ రవ్వల్లో సీసం కంటే బరువైనవీ ఉన్నాయి, వాటి ధర చుక్కల్లో ఉంది. మావాడిది ఎవరో వాడి అమ్మిన పాత జోడు గొట్టాల తుపాకీ. తుపాకులు బాగుచేసేవాడికి ముందు చూపించి, తర్వాతే తూటాలు కొనమన్నాను. రాగి పూత పూసినా సీసం సీసమే, పెట్టె మీద 'నాన్-టాక్సిక్' అని ఉందో లేదో చూడమన్నాను. ఇంట్లో పసివాళ్ళున్నారు. మాంసంలో మిగిలే సీసం వాళ్ళ మెదడుకు హాని. ఇంతవరకైతే ఫరవాలేదు అనదగ్గ మోతాదే సీసానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది.

మా అక్కయ్య మాత్రం "తూటా సంగతి సరే, అసలు వేటెందుకురా?" అంటుంది. ఆ తగవులో నేను తలదూర్చలేదు.

కళుగుమలై వాళ్ళం గనుక మరో మాట. 'కళుగు' అంటే గద్ద. జటాయువు అన్న సంపాతి ఈ కొండమీద సుబ్రహ్మణ్యస్వామిని కొలిచాడని స్థలపురాణం. గాయపడిన బాతును, చచ్చిన బాతును తినేది గద్దలే, సీసం వాటికీ చేరుతుంది. కాలిఫోర్నియాలో కాండర్ అనే పెద్ద రాబందులు 1982 నాటికి 22 మాత్రమే మిగిలాయి. వాటిని చంపుతున్నవాటిలో కళేబరాల్లోని సీసం ముఖ్యమైనదని తేలి, 2019 జులై 1 నుంచి ఆ రాష్ట్రంలో ఏ వేటకూ సీసం తూటా వాడకూడదన్నారు. మన రాబందులను పొట్టన పెట్టుకున్నది పశువులకిచ్చిన డైక్లోఫెనాక్ మందు. పశువైద్యంలో దాన్ని 2006లో నిషేధించారు. విషం వేరైనా వెళ్ళిన దారి ఒకటే.

తుపాకీ లేని మనకెందుకీ గొడవ అనకండి. విసురువల అంచున కట్టే గుండ్లు సాధారణంగా సీసమే. హంసలు చస్తున్నాయని ఇంగ్లండులో 1987లో గాలాలకు కట్టే సీసపు బరువులను చాలావరకు ఆపేశారు. మన ఇళ్ళల్లో చేపలు పట్టే సరదా ఉన్న కుర్రాళ్ళకు రెండు మాటలు చెప్పండి. తెగిన గుండ్లను చెరువులో వదలకుండా ఏరి తెచ్చుకోవాలి. పాత బ్యాటరీ సీసాన్ని పెరట్లో కరిగించి గుండ్లు పోయకూడదు, ఆ పొగ పక్కన ఆడుకునే పిల్లలకే ముందు తగులుతుంది. కార్తీకపు వానలకు చెరువులు నిండి బాతులు దిగకముందే ఈ మాట చెబితే మంచిది.