“ఏం చేయదులే” అంటే గేటు తియ్యం

మా లండన్ అంటే ఇంగ్లండుది కాదు, కెనడా ఒంటారియోలోది. పోస్టు కొంచెం పొడుగు. టీ తాగుతూ చదవండి కానీ పూర్తిగా చదవండి.

మేము జనాల పెరళ్ళలోకి వెళ్ళి పనిచేసేవాళ్ళం. గ్యాసు మీటరు చూసేవాళ్ళు, భూమిలో ఏ పైపు ఎక్కడుందో చూసి రంగు కొట్టేవాళ్ళు, కేబుల్ లాగేవాళ్ళు, గుంట పూడ్చి గడ్డి పరిచేవాళ్ళు, అందరం మాలోవాళ్ళమే. గ్యాసుకు పసుపు, కరెంటుకు ఎరుపు, నీళ్ళకు నీలం, ఫోను కేబుల్‌కు నారింజ. ఆ గుర్తులు పడకుండా ఒంటారియోలో తవ్వకూడదు, అది చట్టం. గుర్తు పెట్టాలంటే కంచె గేటు తీసి ఎవరో ఒకరు లోపలికి వెళ్ళాలి. ఆ ఎవరో ఒకరు చాలాసార్లు మనోడే.

గేటు అవతల కుక్క ఉంటుంది. ఇంటావిడ తలుపు సగం తెరిచి, “భయపడకు, ఏం చేయదులే, చాలా మంచిది” అంటుంది.

మా గొడవ కుక్కతో కాదు, ఈ మాటతో. ఆమె అబద్ధం చెప్తోందని కూడా అనట్లేదు. ఆమెకు అది మంచిదే, అన్నం పెట్టే చెయ్యి కాబట్టి. మేమెవరం? నెత్తిన హెల్మెట్, ఒంటిమీద మెరిసే జాకెట్, చేతిలో కర్రలాంటి మిషను, తల వంచుకుని దాని జాగాలో తిరిగే కొత్త మనిషి. కాపలా కాయడం దాని పని. అది దాని పని చేసుకుంటుంది. దాన్ని కట్టేయడం యజమాని పని. మొరిగే కుక్క కరవదని మన సామెత. ఇక్కడి కుక్కలకు తెలుగు రాదు.

“దాని ఇంట్లోకి మీరే వెళ్ళారు కదా” అనేవాళ్ళున్నారు. మేము దొంగతనానికి వెళ్ళలేదు. కరెంటు కంపెనీ తన తీగలు, మీటర్లు ఉన్నచోటికి తగిన వేళలో వెళ్ళొచ్చని 1998 నాటి ఒంటారియో విద్యుత్ చట్టమే చెప్తుంది. కుక్క యజమానుల బాధ్యత మీద ఇక్కడ ఇంకో చట్టం ఉంది. కుక్క కరిస్తే నష్టానికి యజమానిదే బాధ్యత. ఇంతకుముందు ఎవర్నైనా కరిచిందా, దాని గుణం యజమానికి తెలుసా అని ఆ చట్టం అడగదు. వాళ్ళ పెరట్లో కరిచినా అంతే. నేరం చెయ్యాలని దూరినవాడి సంగతి మాత్రం వేరు. జాగ్రత్త తీసుకోని యజమానికి 10,000 డాలర్ల దాకా జరిమానా పడొచ్చు.

కానీ అదే చట్టంలో ఇంకో ముక్క ఉంది. కరిపించుకున్నవాడి తప్పు ఎంతుందో చూసి కోర్టు ఆ మేరకు పరిహారం తగ్గిస్తుంది. కుక్క వదిలేసి ఉందని తెలిసి కూడా ధైర్యంగా గేటు తీసినోడు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఇప్పుడు మనోళ్ళ మాటకొద్దాం. “ఊళ్ళో వీధికుక్కల మధ్య పెరిగినోళ్ళం, ఇదెంత?” అంటారు. వీధి కుక్కకు నాలుగు దిక్కులుంటాయి, మనకూ ఉంటాయి. రాయి తీసినట్టు వంగితే వెనక్కి పోతుంది. ఇక్కడ చుట్టూ చెక్క కంచె, ఒకే గేటు. అది పోదు, మనం పోలేం. 2023 జనవరిలో హైదరాబాద్ బంజారాహిల్స్‌లో ఒక డెలివరీ కుర్రాడు పార్శిల్ ఇవ్వడానికి వెళ్తే పెంపుడు కుక్క మీదికొచ్చింది. తప్పించుకోబోయి మూడో అంతస్తు నుంచి పడ్డాడు, బతకలేదు. “కరవలేదు కదా” అని తేలిగ్గా తీసేసేవాళ్ళు ఆ పిల్లాడి గురించి ఆలోచించండి. అమెరికాలో ఒక్క 2023లోనే తపాలా ఉద్యోగుల మీద 5,800కు పైగా కుక్కల దాడులు జరిగాయని వాళ్ళ తపాలా శాఖే చెప్పింది. వాళ్ళంతా పిరికోళ్ళా?

అసలు రోగం వేరే ఉంది. చాలామందికి కూలి గంటకు కాదు, ఇంటికింత. గేటు దగ్గర ఆగితే ఆ ఇంటి డబ్బులు పోతాయి. అందుకే కుర్రోళ్ళు బిస్కెట్టు విసిరి పరిగెత్తి పని కానిస్తున్నారు. సూపర్‌వైజర్లం మేమూ ఉన్నాం కాబట్టి చెప్తున్నాం: ఇళ్ళ లెక్క చూపించి కుర్రాణ్ణి గేటులోకి తోసేవాడు సూపర్‌వైజర్ కాదు, మేస్త్రీ అంతకన్నా కాదు.

మేము అడిగేది మూడే. వెళ్ళేముందు ఇంటివాళ్ళకు ఫోను చేసి కుక్కను లోపల పెట్టమని చెప్పాలి. కుక్క ఉన్న ఇంటిని కంపెనీ రికార్డులో గుర్తు పెట్టాలి, రేపు వెళ్ళే కొత్తోడికి తెలియాలి. కుక్క వల్ల తిరిగొచ్చిన ఇంటికి కూడా కూలి ఇవ్వాలి. మూడోది లేకపోతే మొదటి రెండూ కాగితం మీదే ఉంటాయి.

ప్రమాదం ఉందనిపిస్తే పని కాదనే హక్కు ఒంటారియో కార్మిక భద్రతా చట్టంలో, 43వ సెక్షన్‌లో ఉంది. వెంటనే పైవాడికి చెప్పండి, క్షేమమైన చోట నిలబడండి. వాళ్ళు చూసి తేల్చాలి. తేలకపోతే కార్మిక శాఖ ఇన్‌స్పెక్టర్ రావాలి. హక్కు వాడుకున్నందుకు శిక్షించకూడదని 50వ సెక్షన్. ఫోను, కేబుల్ కంపెనీలకు ఫెడరల్ చట్టం, అందులోనూ ఈ హక్కుంది. ఒకే యజమానికి కట్టేసిన పర్మిట్ మీద ఉన్న తమ్ముళ్ళకు భయం ఉంటుంది, మాకు తెలుసు. యజమాని వేధిస్తుంటే ఓపెన్ పర్మిట్‌కు అప్లై చేసుకునే దారి 2019 జూన్ నుంచి ఉంది.

కరిస్తే సిగ్గుపడి దాచకండి. సబ్బుతో, పారే నీళ్ళతో పదిహేను నిమిషాలు కడగండి, అదే రోజు డాక్టరుకు చూపించండి. ఆరోగ్య శాఖవాళ్ళు ఆ కుక్కను పది రోజులు గమనిస్తారు. రేబిస్ సూదులు అవసరమైతే ఉచితమే. పనిలో దెబ్బకు డబ్ల్యూఎస్‌ఐబీలో ఆరు నెలల లోపు క్లెయిము వెయ్యండి.

రేపు పొద్దున గేటు ముందు ఒక్క మాట నేర్చుకుని అనండి: “ముందు కుక్కను లోపల పెట్టండి, తర్వాత వస్తాం.” ఆమెకు కోపం వస్తే రానివ్వండి. తలుపు వేసిన చప్పుడు విన్నాకే గడియ మీద చెయ్యి వెయ్యండి. మీ కంపెనీలో తిరిగొచ్చిన ఇంటికి కూలి ఇస్తున్నారా లేదా, కింద రాయండి. కొత్తగా దిగిన కుర్రోళ్ళకు షేర్ చెయ్యండి.