ఆదివారం పడిన పందెం



గత బుధవారం ప్రార్థన అయ్యాక మన యౌవనస్థుల్లో ఒక తమ్ముడు నా దగ్గరకొచ్చి, "అయ్యగారూ, హైదరాబాద్ మారథాన్ ఆదివారం పడ్డది. పోవాల్నా వద్దా, మీరే చెప్పుండ్రి" అన్నాడు. అతను ఎయిర్‌పోర్టులో షిఫ్టు డ్యూటీ చేస్తాడు. నాలుగు నెలలుగా నాకు పరుగు నేర్పుతున్నదీ అతనే. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఇది రాస్తున్నాను.

నేను ఆటగాణ్ణి కానని మీకు తెలుసు. బడిలో ఆటల పీరియడ్ అంటే చెట్టు కింద కూర్చునేవాణ్ణి. సెమినరీలో వాలీబాల్ ఆడేవాళ్ల చెప్పులకు కాపలా ఉండేవాణ్ణి. నలభై ఆరో ఏట షుగర్ రిపోర్టు చూసి డాక్టరుగారు ఒళ్లు వంచమన్నారు. గృహ దర్శనాలకు వచ్చినప్పుడు మీరు ప్రేమతో ఇచ్చిన చాయ్‌ని నిందించను. వద్దనలేక తాగింది నేనే.

మొదటి రోజు రాళ్లగూడ వైపు సర్వీసు రోడ్డు మీద రెండు కరెంటు స్తంభాల దూరం పరుగెత్తేసరికే ఊపిరి అందలేదు. నెత్తి మీదుగా విమానం లేచిపోతోంది. కింద నేను మోకాళ్లు పట్టుకొని వంగి ఉన్నాను. మన సంఘం పెద్దమ్మ ఒకామె చూసి, "ఏమైంది పాస్టరయ్యా, కుక్కలు ఎంబడి పడ్డయా?" అని అడిగింది.

తమ్ముడు నేర్పిన పద్ధతి తేలికే. ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక. పక్కవాడితో మాట్లాడగలిగినంత వేగమే. మాట తెగిపోతే వేగం ఎక్కువైనట్టు. వారానికి మూడు రోజులు చాలు. ఒక వారం ఉత్సాహం ఎక్కువై దూరాన్ని రెట్టింపు చేశాను. పిక్కలు పట్టేసి పది రోజులు మంచం దిగలేకపోయాను. ఊపిరి కుదుటపడినంత త్వరగా కాళ్లు గట్టిపడవని అప్పుడు తెలిసింది.

కొరింథు దగ్గర రెండేళ్లకోసారి ఇస్తుమియ క్రీడలు జరిగేవి. ఆ ఊరివాళ్లకు పౌలు పందెం గురించి రాశాడంటే వాళ్లకు తెలిసిన సంగతే రాశాడు. హెబ్రీ పత్రిక 12:1లో ఓపిక అన్న చోట గ్రీకులో 'హుపొమొనే' అని ఉంది. బరువు కింద నిలిచి ఉండటం అని దాని అర్థం. మనకు కొరవడింది ఇదే అనుకుంటాను. మూడు రాత్రుల ఉజ్జీవ సభలకు పందిరి నిండిపోతుంది. బుధవారం ప్రార్థనకు పదిమంది. మనం స్తంభం నుంచి స్తంభానికి ఉరికి ఆయాసపడే సంఘం అయ్యాం.

శరీర సాధన వల్ల లాభం కొంచెమేనని 1 తిమోతి 4:8 చూపించి పెద్దలు నన్ను మందలించారు. నిజమే. కానీ పౌలు కొంచెం అన్నాడు, సున్నా అనలేదు. అంతకు ముందు వచనంలో భక్తి విషయంలో సాధన చెయ్యమనడానికి ఆయన వాడిన గ్రీకు మాట వ్యాయామశాలలోనిదే. జిమ్ అన్న మాట పుట్టింది ఆ మూలం నుంచే.

ఇక ఆదివారం సంగతి. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల పోటీ ఆదివారం పడిందని ఎరిక్ లిడెల్ దాన్ని వదులుకున్నాడు. 400 మీటర్లలో బంగారు పతకం గెలిచాడు. ఇంతవరకు మనం ప్రసంగాల్లో చెబుతాం. తరువాతి సంగతి చెప్పం. ఆయన చైనాలో మిషనరీగా ఉండి, యుద్ధకాలంలో జపానువాళ్ల నిర్బంధ శిబిరంలో 1945లో చనిపోయాడు. ఆ శిబిరంలో పిల్లలు ఆదివారం ఆటలో కొట్టుకుంటుంటే, ఆయనే రిఫరీగా నిలబడ్డాడు. తన కోసం గీసుకున్న గీతను పిల్లల మెడకు ఉరి చెయ్యలేదు.

2008లో ఎయిర్‌పోర్టు తెరిచినప్పటి నుంచి మనలో చాలామంది ఆదివారాలు డ్యూటీ చేస్తున్నారు. విమానం ఆదివారమని ఆగదు కదా. నేను ఏనాడూ తప్పు పట్టలేదు. పొట్టకూటి పని వేరు, పరుగు వేరు అంటారా? ఒప్పుకుంటాను. కానీ ఆరాధన మానేసి పెళ్లి భోజనాలకు పోయినవాళ్లను కూడా మనం వెలివెయ్యలేదు.

కాబట్టి నా మాట ఇది. తమ్ముడూ, నువ్వు వెళ్లు. నెక్లెస్ రోడ్డు నుంచి గచ్చిబౌలి స్టేడియం దాకా ఫ్లైఓవర్లు ఎక్కి దిగాలి, ఆగస్టు ఉక్కపోత, జాగ్రత్త. సాయంత్రం ఆరాధనకు కుంటుతూ అయినా రా. ఈ ఒక్క ఆదివారం ప్రతి ఆదివారం కాకుండా చూసుకో.

నేను మాత్రం వెళ్లను. మంద కూడుకునే వేళ కాపరి అక్కడే ఉండాలి. ముందురోజు శనివారం తెల్లవారుజామున మన సర్వీసు రోడ్డు మీదే ఆ ఇరవై ఒక్క కిలోమీటర్లు పూర్తి చేస్తాను. సగం నడకే అవుతుంది. మెడల్ ఉండదు. మొదటి రెండు స్తంభాల దాకా తోడు వచ్చేవాళ్లుంటే ఐదింటికి చర్చి గేటు దగ్గరికి రండి. చాయ్ మాత్రం చక్కెర లేకుండా.

ప్రభువు మీ అడుగులను స్థిరపరచును గాక. ఆమేన్.