ఒడుగు సంచిలో ఏం పెడదాం?

మే నెలలో ముహూర్తం కుదిరింది. హాల్ బుక్ అయింది, క్యాటరింగ్ వాళ్లకి అడ్వాన్స్ వెళ్లింది, డ్రోన్ కూడా తెస్తానని ఫొటోగ్రాఫర్ మాటిచ్చాడు. ఇక అసలు యుద్ధం ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో మొదలవుతుంది: రిటర్న్ గిఫ్ట్ ఏంటి? అత్తయ్య ఇత్తడి దీపం ఫొటో పెడుతుంది. 'మొన్న వాళ్లింట్లో కూడా ఇదే ఇచ్చారుగా' అని పిన్ని రిప్లై. బాబాయ్ థంబ్స్ అప్ కొడతాడు, దీపానికో పిన్ని మాటకో ఎవరికీ అర్థం కాదు. చివరికి 'ఆన్‌లైన్‌లో నువ్వే ఏదో ఒకటి చూడరా, నీకు తెలుస్తుంది' అని ఆ పని ఇంట్లో ఇరవై ఏళ్ల వాళ్ల మెడకి చుట్టుకుంటుంది. ఈ వారం కాలమ్ ఆ బలయ్యేవాళ్ల కోసం.

ముందు లెక్క తేల్చుకోండి. 300 మంది వస్తున్నారంటే 300 సంచులు అక్కర్లేదు. ఇంటికి ఒకటి చొప్పున ఇస్తాం కాబట్టి కుటుంబాలు లెక్కపెట్టాలి. 300 మంది అంటే సుమారు 120 ఇళ్లు అనుకుందాం. సంచి 150 రూపాయలు పడితే 18 వేలు. తలకొకటి లెక్కన కొంటే అదే 45 వేలు. తేడా చూశారుగా. గెస్టుల లిస్టు పక్కన 'ఇళ్లు' అని ఇంకో కాలమ్ పెట్టుకుంటే చాలు, మీ నాన్నగారి బీపీ కంట్రోల్‌లో ఉంటుంది.

రిటర్న్ గిఫ్ట్ అనే పేరు కొత్తదే గానీ పని పాతదే. ఇంటికొచ్చినవాళ్లని వట్టి చేతులతో పంపకూడదని తాంబూలం ఇచ్చేవారు: తమలపాకులు, వక్క, పండు, పసుపు కుంకుమ, ఆడవాళ్లకి జాకెట్ ముక్క. ఆ జాకెట్ ముక్క సంగతి మీకు తెలిసే ఉంటుంది. అమ్మ బీరువా పై అరలో ఓ దొంతర ఉంటుంది. వచ్చిన ముక్కని ఎవరూ కుట్టించుకోరు, ఇంకొకరికి పెడతారు. వాళ్లు వేరేవాళ్లకి పెడతారు. మీటరు కూడా ఉండని, ఏ చీరకీ మ్యాచ్ కాని ఆ ముక్క నాలుగు ఊళ్లు తిరిగి మళ్లీ మనింటికే వచ్చినా ఆశ్చర్యం లేదు.

తర్వాత స్టీలు రోజులు వచ్చాయి. గ్లాసులు, గిన్నెలు, మూత డబ్బాలు. వాటి మీద మిషన్‌తో చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించేవారు. 'చి. ఫలానా ఉపనయన సందర్భంగా' అని, కింద తేదీ. మీ వంటింట్లో వెతకండి, కనీసం ఒక్కటైనా దొరుకుతుంది. ఆ వటువుకి ఇప్పుడు యాభై దాటి ఉంటాయి, బహుశా జుట్టు కూడా ఊడి ఉంటుంది. ఆయన ఒడుగు గిన్నెలో మీరు ఇవాళ పెరుగు తోడు పెడుతున్నారు. ఇంతకంటే మంచి గిఫ్ట్ ఏ యాప్‌లోనూ దొరకదు.

కాబట్టి ఏది కొనాలన్నా మొదటి ప్రశ్న ఇదే: మర్నాడు పొద్దున ఈ వస్తువు వాళ్లింట్లో ఎక్కడుంటుంది? పిల్లాడి ఫొటో వేసిన మగ్గు ఈ పరీక్షలో ఫెయిల్. పారేయడానికి మనసొప్పదు, వాడదామంటే రోజూ కాఫీ తాగుతూ పక్క వీధి పిల్లాడి పిలక చూస్తూ కూర్చోవాలి. ఇత్తడి దీపం బాగానే ఉంటుంది గానీ ఇంటికి ఇప్పటికే నాలుగున్నాయి. పైగా ఇత్తడి ఇవ్వడమంటే చింతపండుతో తోమే పని కూడా కలిపి ఇవ్వడమే.

జర్మన్ సిల్వర్ గురించి కాస్త చెప్పాలి. బేగంబజార్ వెళ్తే ముందు కంట్లో పడేది అదే. పేరులో వెండి ఉంది, వస్తువులో లేదు. అది రాగి, నికెల్, జింక్ కలిపి చేసే లోహం. కుంకుమ గిన్నెగానో షోకేస్‌లోనో పెట్టుకోవడానికి ఓకే. తినే పదార్థాలు వేసే గిన్నెలుగా మాత్రం ఇవ్వకండి. పైన పూత వేసిన రకమైతే గట్టిగా పీచు పెట్టి తోమితే మెరుపు పోతుంది. 'వెండి గిన్నె ఇచ్చారు' అని గెస్టు మురిసిపోయి రెండు వారాల తర్వాత మొహం చిట్లించే పరిస్థితి తెచ్చుకోవడం దేనికి?

నా ఓటు చేనేత తువ్వాలుకి. నవ్వకండి. తువ్వాలు వాడని ఇల్లు లేదు. బస్సులో పగలదు, ఫ్లైట్‌లో బరువు కాదు, మగ ఆడ తేడా లేదు. ఆంధ్రాలో ఆప్కో, తెలంగాణలో టెస్కో షాపుల్లో చూడొచ్చు, మీ దగ్గర్లో చేనేత సహకార సంఘం ఉంటే నేరుగా అక్కడికే వెళ్లండి. హ్యాండ్లూమ్ మార్క్ లేబుల్ ఉందో లేదో చూసుకోండి. 'చేనేత' అని పేరు పెట్టి మిల్లు గుడ్డ అమ్మేవాళ్లకి కొదవ లేదు.

పిల్లలకి విడిగా ఏదైనా ఇవ్వాలనుకుంటే ఏటికొప్పాక బొంగరాలు. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉంది ఊరు. అంకుడు కర్రని తరిణి పట్టి, లక్క రంగులు ఎక్కిస్తారు. 2017లో జీఐ గుర్తింపు వచ్చింది. ఈ బొమ్మలకి మళ్లీ చెట్ల రంగులు తెచ్చిన సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. ఒకటే గుర్తుపెట్టుకోండి: అవి చేత్తో చేసేవి. ముహూర్తానికి వారం ముందు ఫోన్ చేసి 'అన్నా, వంద బొంగరాలు' అంటే ఎవరూ ఇవ్వలేరు. రెండు నెలల ముందే ఆర్డర్ చెప్పాలి.

తినేదైతే తాపేశ్వరం మడత కాజా తిరుగులేనిది. ఆత్రేయపురం పూతరేకులకి కూడా 2023లో జీఐ వచ్చింది గానీ, ఎండాకాలం బస్సు ప్రయాణం తర్వాత అవి రేకుల్లా ఉండవు, పొడిలా ఉంటాయి. గట్టి డబ్బాలో పెట్టగలిగితేనే ఆలోచించండి. సంధ్యావందనం పుస్తకం ఇద్దామని తాతగారు అంటే, జంధ్యం ఉన్నవాళ్ల కోసం ఓ ముప్ఫై కాపీలు చాలు. ఉపనయనం అంటే చదువు కోసం గురువు దగ్గరికి చేర్చడం కాబట్టి మిగతావాళ్లకి మంచి నోట్‌బుక్ కూడా సందర్భానికి సరిపోతుంది.

సంచి సంగతి. గుడ్డలా కనిపించే ఆ నాన్ వోవెన్ సంచులు గుడ్డ కాదు, ప్లాస్టిక్కే. చదరపు మీటరుకి 60 గ్రాముల కంటే పల్చగా ఉన్నవాటిని 2021 సెప్టెంబరు 30 నుంచే నిషేధించారు. దేవుడి బొమ్మ ప్రింట్ వేసినంత మాత్రాన అది మారదు. కాటన్ సంచి తీసుకోండి, కూరగాయలకైనా పనికొస్తుంది. దాని మీద పేరు, తేదీ వేయించుకోండి, ఆ సరదా ఎందుకు వదులుకోవాలి.

ఇప్పుడు రెండో ప్రశ్న. షాపులో ఎవరికీ తట్టదు గానీ గేటు దగ్గర తగులుతుంది. భోజనాలయ్యాక సంచులు పంచే డ్యూటీ మామూలుగా మీదే. లోపల పసుపు కుంకుమ పొట్లం, గాజులు, జాకెట్ ముక్క ఉన్నాయి. ఒకావిడ వస్తారు. మీ చెయ్యి ముందుకు వెళ్తుంది, నుదురు చూసి ఆగుతుంది. వెనక నుంచి పెద్దావిడ ఎవరో 'అది కాదే, ఇంకోటి' అని గుసగుసగా అంటారు. మీరు సంచిలోంచి పొట్లం తీయడమో, పండొక్కటి చేతిలో పెట్టడమో చేస్తారు. అంతా మూడు సెకన్లు. కానీ ఆవిడ చూస్తారు. వెనక లైన్లో ఉన్నవాళ్లూ చూస్తారు. భర్త పోయిన ఏ ఆడమనిషినైనా అడగండి, ఈ మూడు సెకన్లు ఎన్ని ఫంక్షన్లలో భరించారో చెబుతారు. కొందరు అందుకే భోజనం అవగానే పక్క గుమ్మంలోంచి వెళ్లిపోతారు. మనం 'అయ్యో, చెప్పకుండా వెళ్లారే' అనుకుంటాం.

ఒడుగులో ఇది మరీ విడ్డూరం. ఈ కార్యక్రమంలో పిల్లాడు చేసే పెద్ద పనుల్లో ఒకటి చెయ్యి చాచి అడగడం. 'భవతి భిక్షాం దేహి' అని ఆడవాళ్ల ముందు నిలబడతాడు. మొదట అమ్మ దగ్గరికి వెళ్తాడు. మొదటి భిక్ష కాదనని వాళ్లనే అడగమని గృహ్యసూత్రాల్లో ఉంది, మనుస్మృతి కూడా అమ్మ, అక్కచెల్లెళ్లు, పిన్ని లాంటి వాళ్ల పేర్లు చెబుతుంది. మరి ఆ పిల్లాడిని ఏనాడూ కాదనని మనిషి ఇంట్లో ఎవరు? అమ్మానాన్న ఆఫీసుకెళ్తే స్కూల్ బస్ దగ్గర నిలబడి, వాడి మారాం అంతా భరించిన అమ్మమ్మ. ఆవిడ బియ్యం పళ్లెం పట్టుకోకుండా వెనక వరసలో కుర్చీలో ఉంటారు. 'నాకెందుకమ్మా, మీరు కానివ్వండి' అంటారు కూడా. ఆ మాట విని ఊరుకోకండి. 'అమ్మమ్మా, వాడు నీ దగ్గరే అడుగుతానంటున్నాడు' అని ముందు రోజే పిల్లాడి చేతే చెప్పించండి. పురోహితుడు గారితో కూడా ముందే మాట్లాడి ఉంచండి, పీటల దగ్గర చర్చ వద్దు. అభ్యంతరం వస్తే అది సాధారణంగా ఆయన నుంచి రాదు, చుట్టాల నుంచే వస్తుంది.

గేటు దగ్గరకి మాత్రం ఉపాయం సులువు. అందరికీ ఒకే సంచి. అందులో పసుపు కుంకుమ, గాజులు, జాకెట్ ముక్క ఉండవు. అవి పక్కనే ఓ పళ్లెంలో విడిగా, ఎవరికి కావాలంటే వాళ్లు తీసుకునేలా పెట్టండి. పెద్దవాళ్ల ఆచారం ఎక్కడికీ పోదు, సంచి ఇచ్చే చెయ్యి మాత్రం ఎవరి దగ్గరా ఆగదు. మీ ఆఫీస్ ఫ్రెండ్ అయేషాకి, ఒంటరిగా వచ్చిన బ్యాచిలర్ అన్నయ్యకి కూడా అదే సంచి. తువ్వాలుకి ఓటేసింది ఇందుకే. అది ఎవరి నుదురూ చూడదు.

ఇదే కారణంతో వీఐపీ సంచి ఐడియాని కూడా గ్రూపులోనే చంపేయండి. నాన్నగారి బాస్‌కి వెండి నాణెం, పెదనాన్నకి ప్లాస్టిక్ డబ్బా అంటే ఆ సంగతి పార్కింగ్ దాటకముందే బయటపడుతుంది. బాస్‌కి ఏదైనా పెద్దది ఇవ్వాలంటే వేరే రోజు ఇంటికి వెళ్లి ఇచ్చుకోవచ్చు.

సంచులు మాత్రం లెక్క కంటే ఓ పాతిక ఎక్కువ చేయించండి. అవి మిగిలితే చూద్దాంలే అని కాదు. వంటవాళ్లు, మేళం వాళ్లు, హాల్ ఊడ్చే ఆవిడ, పొద్దున్నించి స్టేషన్‌కీ హాల్‌కీ తిరిగిన డ్రైవర్, వీళ్ల పేర్లు మొదటే లిస్టులో రాసుకుని వాళ్ల సంచులు పక్కన పెట్టేయండి. మధ్యాహ్నం రెండున్నరకి టేబుల్ కింద చూసేసరికి అట్టపెట్టె ఖాళీగా ఉంటుంది, ఎప్పుడూ అంతే.