సమాధానమను జోడు

క్రిందటి వేసవిలో మా వీధి చివర ఒక ఇంటిముందు షామియానా వేసి మూడు రాత్రులు ప్రార్థన కూడికలు జరిపించారు. వక్త పొరుగూరినుండి వచ్చినవాడు. కంఠం మంచిది, మైకు అంతకన్న మంచిది. ఆ మూడు రాత్రులలో "యుద్ధము" అనే మాటను ఆయన ఎన్ని పర్యాయాలు పలికాడో లెక్కపెట్టబోయి మధ్యలోనే విరమించుకొన్నాను. ముప్పైయారేళ్ళు బడిలో తెలుగు చెప్పినవాడికి పునరుక్తులు లెక్కించే దురలవాటు ఒకటి మిగిలిపోతుంది, మన్నించండి. మూడవ రాత్రి ఆయన ఉన్నట్టుండి కన్నులు మూసికొని, ఈ వీధిలో ఒక ఇంట దురాత్మ కాపురమున్నదనీ, ఆ ఇంటి వాకిలి తూర్పు ముఖమనీ ప్రకటించాడు.

మా వీధిలో తూర్పు వాకిలి ఇండ్లు నాలుగే. వాటిలో ఒకటి మాది. రెండింటిలో మంది ఎక్కువగల సంసారాలున్నాయి. నాలుగవదానిలో ఒక ముసలి వితంతువు ఒంటరిగా ఉంటుంది. శ్రావణమాసం శనివారాలలో గండి ఆంజనేయస్వామి దగ్గరకు నడిచిపోయి వస్తుంది. ఆ రాత్రి జనం ఏ ఇంటివైపు తలలు త్రిప్పారో వేరే చెప్పనక్కరలేదు. మా ఇంటివైపు ఎవరూ చూడలేదు. పింఛను తీసుకొనే అయ్యవారి ఇంట్లో దయ్యానికేం పని!

ఆమె ఎదురింట ఏడేళ్ళ పిల్లవాడున్నాడు. అప్పటికి రెండు నెలలుగా వాడు ఉన్నచోటనే పడిపోయి కాళ్ళు చేతులు కొట్టుకొనేవాడు. నోట నురుగు వచ్చేది. కూడిక ముగిసిన మరునాటినుండి ఆ ముసలామెను కుళాయి దగ్గర నిలబడనివ్వలేదు. ఆమె బిందె తాకిన చోట నీళ్ళు చల్లి కడిగారు. పిల్లవాని తల్లి నా దగ్గర చదువుకొన్నదే. నేను వెళ్ళి నాలుగు మాటలు చెప్పి, వారంరోజులు వెంటబడి, చివరకు వాణ్ణి కడపకు పిలుచుకొనిపోయేటట్టు చేశాను. డాక్టరు అది మూర్ఛరోగమని చెప్పి మాత్రలు వ్రాసి, తన మాట లేనిదే ఒక్క పూట కూడా మానకూడదన్నాడు. ఇప్పుడు పిల్లవాడు బడికి పోతున్నాడు. మొన్న తల్లి కనబడితే ఎట్లున్నాడని అడిగాను. "మందు పనిజేసింది సార్. కానీ ఆయమ్మను జూస్తే నాకింకా గుండె దడదడ అంటాది" అన్నది.

ఈ టపా వ్రాయించింది ఆ మాటే. రోగం కుదిరింది, అనుమానం కుదరలేదు. మూడు రాత్రుల పోరాటంలో ఎవరు గెలిచినట్టు?

నేను పుట్టు క్రైస్తవుణ్ణి. లండను మిషను వారు 1822లో కడపలో పని మొదలుపెట్టిన తరువాతి తరాలలో ఎప్పుడో మా పూర్వులు ఆ నీడకు చేరారు. కాబట్టి నేను బయటినుండి రాయి విసురుతున్నానని ఎవరూ అనుకోవద్దు. నా తగాదా అంతా ఆ వక్త ఎత్తుకొన్న గ్రంథాన్ని ఆయన చదివిన తీరుతోనే.

ఆ యుద్ధపు మాటకు ముఖ్యమైన ఆధారం పౌలు ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక, ఆరవ అధ్యాయం. వాక్యాలను ఇక్కడ ఎత్తివ్రాయను, భావం మాత్రం చెబుతాను. అపొస్తలుడు కవచం ధరించుమని హెచ్చరించి, వెంటనే ఒక మాట తేల్చి చెప్పాడు: మన పెనుగులాట నెత్తురూ మాంసమూ గల మనుష్యులతో కాదు. ఆ తరువాతనే ఒక్కొక్క ఆయుధాన్ని పేర్కొన్నాడు. చేతికి ఖడ్గమిచ్చే ముందే, మనిషిమీద ఎత్తవద్దని ఒట్టు వేయించుకోవడం వంటిది ఇది. ఈ ఒట్టు మరచినవాడు పత్రికలో మిగిలినదంతా కంఠస్థం చేసినా ఏమి లాభం?

ఎఫెసు సామాన్యమైన ఊరు కాదు. అర్తెమి దేవి మహాలయం ఉన్న నగరం, మంత్రతంత్రాలకు ఆటపట్టు. అక్కడ మంత్రవిద్య చేసినవారు తమ పుస్తకాలను తెచ్చి తగులబెట్టగా వాటి వెల యాభైవేల వెండి నాణెములైనదని అపొస్తలుల కార్యముల పందొమ్మిదవ అధ్యాయం చెబుతున్నది. ఆ అధ్యాయంలోనే స్కెవ అనే యాజకుని కొడుకులు ఏడుగురు, యేసు నామాన్ని మంత్రంవలె వాడి దయ్యాన్ని వదలగొట్టబోయి, ఆ పట్టినవాని చేతనే చావుదెబ్బలు తిని, గుడ్డలు కూడా లేకుండా పరుగెత్తిన కథ ఉన్నది. అది తరచుగా ప్రసంగాంశం కాకపోవడానికి కారణం ఊహించగలను.

అటువంటి ఊరి సంఘానికి చేరిన పత్రికలో ఎంత వెదకినా ఒక మంత్రగాని పేరు లేదు. ఎవరి వాకిలి ఏ దిక్కున ఉన్నదో లేదు. అపవాదికి చోటెక్కడ దొరుకుతుందో మాత్రం ఉన్నది, నాలుగవ అధ్యాయంలో. ప్రొద్దు క్రుంకినా చల్లారని కోపంలో. దాని చుట్టూ ఉన్నవి అబద్ధం, దొంగతనం, చెడ్డమాట. ఆ తరువాత ఆలుమగల సంగతి, బిడ్డల సంగతి, పనిచేసేవారూ చేయించుకొనేవారూ మెలగవలసిన తీరు. ఇల్లు చక్కబెట్టడం అయిన తరువాతనే కవచం వర్ణన వస్తుంది. యుద్ధభూమి ఎక్కడున్నదో అధ్యాయాల వరుసే చెబుతున్నది.

తెలుగు పండితుణ్ణి గనుక ఆ కవచంలోని మాటల దగ్గర కొంచెం ఆగనివ్వండి. మన అనువాదకులు దట్టి, మైమరువు, జోడు, డాలు, శిరస్త్రాణము, ఖడ్గము అన్నారు. రోమను సిపాయిని మన కావ్యాల బంటుగా మార్చివేశారు. మైమరువు పాత కావ్యాల మాట. మేనిని మరుగుపరచేది. దట్టి నడుముకు బిగించే గుడ్డ. నన్ను ఎన్నాళ్ళుగానో ఆకర్షించిన మాట జోడు. నిఘంటువులలో దానికి పాదరక్షలు అనే అర్థమూ ఉన్నది, కవచము అనే అర్థమూ ఉన్నది. పత్రికలో అది కాళ్ళకు తొడిగేదే. అయితే దాన్ని దేనితో చేశారు? సమాధాన సువార్తతో. యుద్ధానికి పోయేవాడు కాళ్ళకు శాంతిని తొడుగుకొని పోవాలట! ఒక్క ఖడ్గం తప్ప తక్కినవేవీ కొట్టడానికి పనికివచ్చేవి కావు, నిలబడడానికి పనికివచ్చేవి. ఆ ఖడ్గమైనా ఇనుపది కాదు, వాక్యం. వీపుకు మాత్రం ఏమీ లేదు. జాన్ బన్యన్ 1678లో అచ్చయిన తన యాత్రికుని కథలో దీన్ని గమనించాడు. అపొల్లియోను ఎదురైనప్పుడు, తన వీపుకు కవచం లేదన్న సంగతి తలచుకొని యాత్రికుడు వెనుదిరగక నిలబడతాడు.

సమాధానము అనే మాట కూడా చిత్రమైనది. బడిలో అది ప్రశ్నకు జవాబు. క్రైస్తవుల తెలుగులో శాంతి. పల్లెలో ఇద్దరు కొట్టుకొంటే పెద్దమనుష్యులు పోయి సమాధానపరచడం అంటే రాజీ చేయడం. మూడూ ఒక్కటేనేమోనని ఈ మధ్య నాకు అనిపిస్తున్నది.

ఇక మా సీమ సంగతి. శత్రువు ఎవరో పుట్టుకతోనే తెలిసిపోయే ప్రాంతం ఇది. ఇతర జిల్లాల మిత్రులకు పార్టీ అంటే జెండా, ఎన్నిక. మాకు పార్టీ అంటే తాత చావు, తండ్రి జైలు, కొడుకు కాపలా. ఒకసారి ఎనిమిదవ తరగతిలో వ్యతిరేకపదాలు అడుగుతున్నాను. "మిత్రుడు" అన్నాను. ఒక పిల్లవాడు లేచి, శత్రువు అనకుండా ఒక మనిషి పేరు చెప్పాడు. తరగతిలో ఒక్కరూ నవ్వలేదు. ఆ పేరుగలాయన కొడుకు రెండు వరుసల అవతల తలవంచుకొని కూర్చొని ఉన్నాడు. సుద్దముక్క పట్టుకొని ఆ రోజు నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది, మరుసటి పదం అడిగాను. ఇప్పటికీ ఆ పిరికితనం నన్ను బాధిస్తుంది.

చదువుకొన్న మిత్రులు కొందరు, "సైతాను అంటే మనలోని కోపమే కదా, ఇంత గొడవ ఎందుకు" అంటారు. నేను అంత సులభంగా ఒప్పుకోను. కక్షను చూసినవాడు ఒప్పుకోలేడు. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి అడిగితే ఎవరికీ అది వద్దు. తల్లులకు వద్దు, కొడవలి పట్టినవానికీ వద్దు. అయినా అది బ్రతుకుతుంది, తనను పుట్టించినవారు చచ్చిన తరువాత కూడా వారి మనుమలను ఏరుకొని తింటుంది. ఏ ఒక్క మనిషి కోపంలోనూ అంత బలం లేదు. పౌలు ప్రధానులు, అధికారులు అని పేర్లు పెట్టిన అదృశ్యశక్తులు ఎట్లుంటాయో మా ఊళ్ళలో చదువురానివాడికి కూడా తెలుసు. ఎదుటి ఊరి మనిషిని చంపితే ఆ శక్తి చావదు, ఇంకా బలుస్తుంది. దాన్ని ఎదిరించడానికి ఒకటే దారి, దానికి భోజనం పెట్టకపోవడం. ఇది చెప్పడం సులభం.

మన సాహిత్యం ఈ యుద్ధాన్ని ఎరగనిది కాదు. కృష్ణమిశ్రుని సంస్కృత నాటకాన్ని నంది మల్లయ, ఘంట సింగయ అనే జంటకవులు పదునైదవ శతాబ్దంలో ప్రబోధచంద్రోదయమనే తెలుగు ప్రబంధం చేశారు. వివేకుడొక రాజు, మహామోహుడొక రాజు. మహామోహుని పక్షాన కాముడు, క్రోధుడు, లోభుడు, దంభుడు. వివేకుడు క్రోధుని మీదికి ఎవరిని పంపుతాడు? క్షమను. లోభుని మీదికి సంతోషాన్ని. అద్వైతానికీ విష్ణుభక్తికీ చెందిన ఆ గ్రంథానికి క్రైస్తవ రంగు పూయడం నా ఉద్దేశం కాదు. ఒక్క చుట్టరికం మాత్రం చూడండి. ఆ రాజులిద్దరూ మనస్సు అనే ఒకే తండ్రికి ప్రవృత్తి, నివృత్తి అనే ఇద్దరు భార్యలయందు పుట్టినవారు. అంటే దాయాదులు! యుద్ధమంతా ఒకే ఇంటిలోనిది. పోతనగారి ప్రహ్లాదుడు తండ్రితో అన్నదీ ఇటువంటిదే. లోకాలన్నీ గెలిచిన నీవు లోపలి పగవారిని గెలువలేదు గదా అని. ఆ పద్యం ఎన్నేళ్ళు చెప్పానో! రాగయుక్తంగా చదివి, తాత్పర్యం వ్రాయించి, మార్కులు వేశాను. పద్యం నోటికి రావడం రక్షణ కాదని అప్పుడు తోచలేదు. అరణ్యంలో యేసును శోధించినవాడు కీర్తనల గ్రంథంలోని మాటలనే ఎత్తి చూపాడు. అతనికీ కంఠస్థమే.

దాయాదులన్నాను గనుక నా సంగతి దాచడం న్యాయం కాదు. పాపాఘ్ని ఒడ్డుకు దూరంగా మాకు కొద్దిపాటి చేను ఉన్నది. పాపాన్ని హరించేదని పేరున్న ఏటిలో ఏడాదికి ఎన్నాళ్ళు నీళ్ళుంటాయో ఈ వైపువారిని అడగండి. బోరు తప్ప గతి లేదు. మా పెదనాయన కొడుకు చేను మా చేనిని ఆనుకొని ఉన్నది. తొమ్మిదేళ్ళ క్రిందట ఆయన గట్టు ప్రక్కనే బోరు వేయించాడు. ఆ సంవత్సరమే మా బోరు ఎండిపోయింది. ఆయన బోరువల్లనే ఎండిందో, వానలు లేక ఎండిందో నేను నిజంగా ఎరగను. ఎరుగుదునని మాత్రం దావాలో వ్రాయించాను. గట్టు కూడా జరిపాడని కలిపి వ్రాయించాను. సత్యమను దట్టి ఆనాడే ఊడిపోయిందన్నమాట. ప్రొద్దు క్రుంకకముందే అన్న గడువు తొమ్మిదేళ్ళ వాయిదాలయింది.

మాది దక్షిణ ఇండియా సంఘం. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో వేర్వేరు మిషనుల సంఘాలు కలిసి ఏర్పడినది. 1950లో ఆ సంఘం కూర్చిన ప్రభుభోజన ఆరాధనక్రమంలో ఒక మంచి ఆచారాన్ని నిలిపారు. రొట్టె, ద్రాక్షారసం అర్పించే ముందు గురువుగారు సమాధానం ఇస్తారు. అది చేతినుండి చేతికి, బల్లనుండి బల్లకు వెనుకవరకు వస్తుంది. రెండు చేతులతో పట్టుకొని అందుకోవాలి, ప్రక్కవానికి అందించాలి. ప్రక్కవాడెవరో ఎంచుకొనే వీలు లేదు.

మా అన్న ఎడమ వైపు మూడవ బల్లమీద కూర్చుంటాడు. నేను తొమ్మిదేళ్ళుగా కుడివైపు చిట్టచివరి బల్లమీద, ద్వారం దగ్గర కూర్చుంటున్నాను. గాలి బాగా వస్తుందని ఇంట్లో చెప్పాను. ఆ షామియానా వక్త తూర్పు వాకిలి ఇల్లు అన్నప్పుడు, నాలుగిండ్లలో ఒకటి మాదేనని ఎవరికీ తోచకపోయినా నాకు ఒక్క క్షణం తోచింది. ఆయన చెప్పింది అబద్ధం. అయినా తోచింది.

పిల్లవాని తల్లికి ఆ ముసలామెతో మాట్లాడుమని చెప్పే ముందు నేను చేయవలసిన పని ఒకటున్నదని ఆ తరువాత నెలలో గ్రహించి, సంస్కారపు ఆదివారంనాడు పెందలకడ వెళ్ళి ఎడమవైపు మూడవ బల్లమీద కూర్చొన్నాను. నాకు అరచేతులు చెమర్చాయి. అరవై దాటినవాణ్ణి, ఉపాధ్యాయుణ్ణి, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నది. మొదటి కీర్తన అయింది, రెండవదీ అయింది, ఆయన రాలేదు. కంటి ఆపరేషనుకు కడపకు పోయాడని ప్రక్కనున్న పిల్లవాడు చెప్పాడు. సమాధానం వచ్చినప్పుడు ఆ పిల్లవాని చేతినుండే అందుకొన్నాను. నా కుడివైపు బల్ల ఖాళీగా ఉన్నది. చేతులు అట్లాగే కాసేపు ఉంచుకొని కూర్చొన్నాను.

వక్కీలుకు ఫోను చేశాను. గట్టు జరిపిన ఆరోపణ వదులుకొంటానంటే, కేసు బలహీనపడుతుంది సార్ అన్నాడు. పడనీ అన్నాను. బోరు మాట ఇంకా వదలలేదు, నిజం చెప్పాలి. ఇంట్లో దీనిమీద రెండు అభిప్రాయాలున్నాయి.

మా అన్న కంటికట్టు విప్పారట. వచ్చే నెల వాయిదాకు ముందు ఒక సంస్కారపు ఆదివారం ఉన్నది.