హీటర్ ఆపితే మిగిలేదెంత?

చలికాలం వచ్చిందంటే ఇక్కడ మినియాపోలిస్ చుట్టుపక్కల మన తెలుగిళ్ళలో ఒక పిసినారితనం మొదలవుతుంది. ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కారు కొన్న ఇళ్ళలో మరీను. "హీటర్ వెయ్యకు, ఎలక్ట్రిక్ మైళ్ళు పడిపోతాయి!" అనేది మగవాళ్ళు, వెనక సీట్లో వణికేది పిల్లలు. ఈ మాట నేను అస్సలు ఒప్పుకోనండీ.

వాళ్ళు చెప్పేదాంట్లో నిజం లేకపోలేదు. మామూలు గ్యాస్ కారులో ఇంజను ఎలాగూ వేడెక్కుతుంది, ఆ వృథాగా పోయే వేడినే లోపలికి మళ్ళిస్తారు. అంటే వెచ్చదనం దాదాపు ఊరికే వచ్చినట్టే. బ్యాటరీ మీద నడిచేటప్పుడు ఆ వేడి ఉండదు, హీటర్‌కి కావలసిన కరెంటంతా బ్యాటరీయే ఇవ్వాలి. పైగా చలికి బ్యాటరీ కూడా మందగిస్తుంది. సెప్టెంబరులో 30 మైళ్ళు చూపించిన మా బండి జనవరిలో 20 చూపించిందంటే కారణం ఇదే. మరీ చలిగా ఉన్న పొద్దున అయితే, బ్యాటరీ నిండా ఉన్నా ఇంజను దానంతటదే స్టార్టవుతుంది. చాలా మోడళ్ళని అలాగే తయారుచేశారు, బండి పాడైనట్టు కాదు. కానీ ఆ చప్పుడు వినగానే మావారి మొహం చూడాలి, ఇంట్లో దొంగలు పడ్డట్టే!

సరే, లెక్క వేద్దాం. పిల్లల్ని స్కూల్లో దింపి రావడానికి హీటర్ మహా అయితే 2 యూనిట్లు తాగుతుందనుకోండి. మాకు యూనిట్ 15 సెంట్లు. వెరసి 30 సెంట్లు. ఆ తగ్గిన ఆరేడు మైళ్ళూ గ్యాస్ మీద నడిపినా డాలరు దాటదు. 5 డాలర్లు పెట్టి కాఫీ కొనుక్కునే మనిషికి ఇదొక పొదుపా?

అసలు సంగతి డబ్బు కాదు. కారు చల్లగా ఉంటే తల్లి ఏం చేస్తుంది? పిల్లాడికి దళసరి జాకెట్ తొడిగి, కార్ సీట్లో కూర్చోబెట్టి, దాని మీదనే బెల్టు బిగిస్తుంది. అలా చెయ్యొద్దని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెప్తూనే ఉంది. బండి దేనికైనా గుద్దుకుంటే జాకెట్ లోపలి దూది అణిగిపోయి బెల్టు వదులైపోతుంది, పిల్లాడు అందులోంచి జారిపోవచ్చు. నమ్మకపోతే ఇంట్లోనే చూడండి. జాకెట్‌తో కూర్చోబెట్టి బెల్టు బిగించండి. పిల్లాణ్ణి దింపి, జాకెట్ విప్పి, బెల్టు సవరించకుండా మళ్ళీ కూర్చోబెట్టండి. ఎంత సందు ఉందో చూస్తే గుండె జారుతుంది. పల్చటి స్వెట్టరు మీద బెల్టు బిగించి, పైన దుప్పటి కప్పాలి. కారు వెచ్చగా ఉంటేనే కదా పిల్లలు జాకెట్ విప్పనిచ్చేది!

"సీట్ హీటర్ చాలు కదా, దానికి కరెంటు తక్కువ" అంటారు. నిజమే, ముందు సీట్లో కూర్చున్నవాళ్ళకి చాలు. వెనక కార్ సీట్లో ఉన్న మూడేళ్ళవాడికి అది ఏం అందుతుంది? సీట్ హీటర్ అద్దాన్నీ ఆరబెట్టదు. నలుగురి ఊపిరితో ముందు అద్దం మసకబారితే, ఆ మంచు రోడ్డు మీద చేత్తో తుడుచుకుంటూ నడపాలన్నమాట.

దీనికి ఉపాయం బండిలోనే ఉంది. బయల్దేరే ముందు, ప్లగ్‌లో ఉండగానే లోపల వేడి చేసుకోవడం. అప్పుడు ఖర్చయ్యేది చాలావరకు గోడ కరెంటు, బ్యాటరీ కాదు. మామూలు 120 వోల్టుల ప్లగ్ అయితే హీటర్‌కి పూర్తిగా సరిపోదు, బ్యాటరీ కొంత తగ్గుతుంది. తగ్గనివ్వండి.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. కొన్ని బండ్లు ఇలా వేడి చేసేటప్పుడు ఇంజను కూడా స్టార్ట్ చేస్తాయి. మీది ఏ రకమో మాన్యువల్లో చూడకుండా గరాజులో ఈ పని చెయ్యొద్దు, తలుపు తెరిచి ఉన్నా సరే. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, గరాజు పక్కనే మన వంటిల్లు. మా చార్జర్ తీగ బయటిదాకా వస్తుంది కాబట్టి మా బండి డ్రైవ్‌వేలోనే ఉంటుంది.

పొద్దున ఏడింటికి వేడెక్కేలా షెడ్యూలు పెట్టడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ పని మగవాళ్ళకే అప్పజెప్పండి, మైళ్ళు చూసుకోవడానికి ఆ యాప్ ఎలాగూ వాళ్ళ చేతిలోనే ఉంటుంది.