అమ్మ బిళ్లగన్నేరు

మా ఊళ్ళో ఇల్లు అమ్మేసిన రోజున అమ్మ నన్నడిగింది ఒక్కటే: "నూతి దగ్గరి బిళ్లగన్నేరు సంగతేం చేశావురా?" తెల్లని రేకులు, నడుమ కుంకుమబొట్టు. ఆవిడ పూజకు ఎన్నేళ్ళుగానో ఆ పూలే.

కాయలు తెచ్చాను. జంటలు జంటలుగా కాస్తాయవి. పసుపు తిరగగానే కోసెయ్యాలి. ఎండి పగిలాయంటే గింజలు నేలపాలే. ఆ నల్లటి గింజలకు మొలకెత్తడానికి చీకటి కావాలి. పైన పలచగా మన్ను కప్పితే పదిరోజులకల్లా మొలిచాయి. ఆ యేడు పూలన్నీ అచ్చం మా ఊరి పూలే. నా గొప్పే అనుకున్నాను.

మరుసటేడు రాలిన గింజలు మొలిచి పూశాయి. చూద్దును గదా, సగానికి సగం గులాబిరంగు! అమ్మ చూసి, "ఇవి మనవి కావురా" అని లోపలికి వెళ్ళిపోయింది.

తప్పు పక్కింటి గోడ అవతలిది. అక్కడ పూసేవన్నీ గులాబిరంగువే. సీతాకోకచిలుకలకు గోడలేమిటి? ఆ పుప్పొడి తగిలితే గులాబిరంగుదే పైచేయి. ఊళ్ళో చుట్టుపక్కల మరో రంగు లేదు గనుక ఇన్నాళ్ళూ చెల్లింది. ఇరవయ్యేళ్ళుగా పాఠాలు చెబుతున్న నాకు ఈ పాఠం చెప్పినవాళ్ళు లేరు.

ఇక మిగిలింది మొదటేటి ముసలి మొక్క ఒక్కటి. వానలకు మొదలు కుళ్ళే జాతి అది. కొమ్మలు నాటడమే గతి. కొమ్మకు పుప్పొడితో పనిలేదు, తల్లి ఏ రంగో పిల్లా అదే రంగు.

మొదటి విడత నాలుగూ కుళ్ళిపోయాయి. పూటపూటా నీళ్ళు పోశాను మరి! రెండోసారి, పువ్వు లేని లేతకొమ్మలు నాలుగంగుళాలవి, కణుపు కిందుగా కోశాను. కింది ఆకులు తుంచి, సగం ఇసుక కలిపిన మట్టిలో గుచ్చి, నీడన పెట్టాను. తడి ఆరకుండా చూడ్డమే తప్ప ముట్టుకోలేదు. (పసిపిల్లలున్న ఇంట ఒక జాగ్రత్త: ఈ మొక్క నోట పెట్టరాదు, విషం. దీనిలోంచే 1958లో కాన్సరు మందు విన్‌బ్లాస్టిన్ తీశారు. అంతమాత్రాన ఆకు నమిలి వైద్యం చేసుకోకండి.)

మూడు వారాలకు ఆరింట రెండు చిగిర్చాయి. ఈలోగా తల్లిమొక్క పోనేపోయింది.

మొన్న పొద్దున ఒకదానికి మొగ్గ విచ్చింది. నేనేమీ చెప్పలేదు. కుండీ తీసుకెళ్ళి అమ్మ ముందుంచాను. కళ్ళజోడు తెమ్మంది.