916... ఈ అంకె ఏం చెబుతుంది?

అమ్మాయి పెళ్లికి ఐదు కాసుల హారం కొనాలి. నాలుగు కొట్లు తిరుగుతాం. డిజైను చూస్తాం, తూకం చూస్తాం, తరుగు దగ్గర గట్టిగా బేరమాడతాం. స్వచ్ఛత మాటొచ్చేసరికి మాత్రం ‘తెలిసిన కొట్టేగా’ అని ఊరుకుంటాం. అసలు నష్టం వచ్చేది అక్కడే!

బంగారాన్ని 24 భాగాలుగా లెక్కేస్తారు. అన్ని భాగాలూ పసిడే అయితే 24 క్యారెట్లు. అది మరీ మెత్తన. నగ చేస్తే వంగిపోతుంది, రాళ్లు నిలవవు. అందుకే రాగి, వెండి లాంటివి కలుపుతారు. 22 భాగాలు బంగారం, రెండు భాగాలు ఇతర లోహాలు ఉంటే 22 క్యారెట్లు. అంటే వెయ్యి పాళ్లలో 916 పాళ్లు బంగారం. ఆ 916 ఇదే! రాళ్ల నగలకు ఎక్కువగా వాడే 18 క్యారెట్లలో 750 పాళ్లు, 14 క్యారెట్లలో 585 పాళ్లు ఉంటుంది.

ఇప్పుడు మన హారం సంగతి చూద్దాం. ఐదు కాసులంటే 40 గ్రాములు. 22 క్యారెట్లయితే అందులో మేలిమి బంగారం 36 గ్రాములపైనే. అదే ధర తీసుకుని 18 క్యారెట్ల నగ అంటగడితే ఉండేది 30 గ్రాములే. ఆరున్నర గ్రాములకు పైగా గల్లంతు! కంటికి తేడా తెలియదు. మార్చుకోవడానికి వెళ్లిన రోజున గానీ బయటపడదు.

మరి కేడీఎం? చాలామంది దాన్నీ స్వచ్ఛత గుర్తే అనుకుంటారు. కాదు. నగ ముక్కల్ని అతికించే టంకంలో కాడ్మియం వాడారని దానర్థం. ఆ పొగ పనివాళ్ల ఊపిరితిత్తులకు చేటు.

నమ్మాల్సింది హాల్‌మార్క్‌ని. బంగారు నగలకు 2000లో మొదలైన ఈ ముద్రను 2021 జూన్ నుంచి 256 జిల్లాల్లో తప్పనిసరి చేశారు. తర్వాత దశలవారీగా మరికొన్ని జిల్లాలకు విస్తరించారు. 2023 ఏప్రిల్ 1 నుంచి నగ మీద మూడు గుర్తులుండాలి. ఒకటి... త్రికోణంలో బీఐఎస్ గుర్తు. రెండు... 22కె916 లాంటి స్వచ్ఛత అంకె. మూడు... అక్షరాలు, అంకెలు కలిసిన ఆరు స్థానాల హెచ్‌యూఐడీ. ఇది ఏ నగకానగకు వేరు. కొట్లో భూతద్దం అడిగి చూడండి. ఫోన్లో ‘బీఐఎస్ కేర్’ యాప్ తెరిచి ఆ సంఖ్య కొడితే నగ వివరాలు వస్తాయి. చేతిలోని నగతో అవి సరిపోవాలి. రెండు గ్రాముల లోపు వాటికీ, కుందన్, పోల్కీ నగలకూ మాత్రం మినహాయింపు ఉంది.

హాల్‌మార్క్ ఉన్నా స్వచ్ఛత తగ్గిందని పరీక్షలో తేలితే? తగ్గిన బంగారం విలువకు రెట్టింపు సొమ్ము, పరీక్ష ఖర్చు కొనుగోలుదారుకు ఇవ్వాలన్నది 2018 నాటి బీఐఎస్ నిబంధన. అందుకు బిల్లే ఆధారం. అందులో బంగారం నికర బరువు, స్వచ్ఛత, హాల్‌మార్క్ రుసుము విడివిడిగా రాయించుకోండి. రాళ్ల బరువును బంగారంలో కలపనివ్వొద్దు.

అమ్మమ్మల నాటి నగలకు ముద్ర లేదని బెంగ వద్దు. నిబంధన అమ్మే వ్యాపారికే. వాటిని నిక్షేపంగా ఉంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు. కాకపోతే మార్చే ముందు బీఐఎస్ గుర్తింపు ఉన్న కేంద్రంలో పరీక్ష చేయించండి. ‘మీ బంగారం ఇంతే’ అని కొట్టువాళ్లు చెప్పేలోపే, అదెంతో మీకు తెలిసి ఉంటుంది!